ముందు చిట్టా, తరువాత ఆవర్జా

సూర్యాపేట జిల్లా చిలుకూరు మండలంలో ఒక రైతు తన పొలం వివరాలు తెలుసుకొనగోరి వచ్చినాడనుకొందాం. అతడు రెండు విధాలుగా అడుగవచ్చును. "ఈ సర్వే నంబరు భూమి ఎవరి పేర ఉన్నది?" అన్నది మొదటి ప్రశ్న. "నా పేర ఏయే సర్వే నంబర్లు ఉన్నవి?" అన్నది రెండవ ప్రశ్న. భూమి అదే, మనిషి అతడే. అయినా రెండు ప్రశ్నలకూ ఒకే పుస్తకం చాలదు. సర్వే నంబర్ల వరుసలో వ్రాసిన పహాణీ మొదటి ప్రశ్నకు వెంటనే జవాబిస్తుంది. రెండవ ప్రశ్నకు దానిని మొదటి పుట నుండి చివరి పుట వరకు తిరుగవేయవలసి వస్తుంది. అందువలననే ఖాతాల వరుసలో వ్రాసిన 1-బి రిజిస్టరు వేరుగా ఏర్పడినది.

2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా నుండి సూర్యాపేట జిల్లా విడివడినది. చిలుకూరు కొత్త జిల్లాలో చేరినది. పొలాల గట్లు కదలలేదు, పంట కాలువలు దారి మార్చుకొనలేదు. మారినదల్లా చిలుకూరు కాగితాలను ఏ జిల్లా అరలో వెదకవలెనన్నదే. విషయం వేరు, దానిని వెదకి పట్టుకొనే దారి వేరు. ఈ దారికే సూచిక అని పేరు.

ఆ జిల్లా పుట్టుటకు సరిగా పన్నెండు రోజుల ముందు, అనగా 2016 సెప్టెంబరు 29న, కంప్యూటరు లోకంలో ఒక సంఘటన జరిగినది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు తన 9.6వ కూర్పును వెలువరించినది. కొత్త తరహా సూచికను ఎవరైనా బయటనుండి తెచ్చి ఆ డేటాబేసుకు తగిలించవచ్చునని, నడిమధ్యలో కరెంటు పోయినా ఆ సూచిక చెడిపోదని ఆ కూర్పు హామీ ఇచ్చినది. ఈ రెండు మాటలూ ఒకేసారి చెప్పగలుగుటకు ముప్పది సంవత్సరాలు పట్టినది. అంతకాలం ఎందుకు పట్టినదో తెలుసుకొంటే డేటాబేసుల మర్మం చాలావరకు బోధపడుతుంది.

అకారాదియా, వర్గులా?

పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహంలో మాటలు అకారాది క్రమంలో ఉండవు. దేవవర్గు, మానవవర్గు, స్థావరవర్గు, తిర్యగ్వర్గు, నానార్థవర్గు అని అర్థాన్నిబట్టి విభజించబడి ఉంటవి. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం అకారాది క్రమంలో నడుస్తుంది. "కొండకు ఎన్ని పేర్లున్నవి?" అని అడిగే వానికి మొదటిది మేలు. "ఈ మాటకు అర్థమేమి?" అని అడిగే వానికి రెండవది మేలు. వీటిలో ఏది గొప్ప అన్న ప్రశ్నకు అర్థం లేదు. అడుగబోయే ప్రశ్నే సూచిక రూపాన్ని నిర్ణయిస్తుంది.

కంప్యూటరులో అకారాదికి సాటివచ్చేది బి-వృక్షం. అమెరికాలోని బోయింగ్ విమాన సంస్థ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ అనే ఇద్దరు 1970లో దీనిని రూపొందించి, 1972లో ప్రచురించారు. డిస్కుమీది సమాచారం పుటలు పుటలుగా ఉంటుంది. సూచికలోని ఒక్కొక్క పుటలో 300 గుర్తులు పడతాయనుకొందాం. మొదటి పుట 300 పుటలకు దారి చూపుతుంది. వాటిలో ప్రతి ఒక్కటి మరి 300 పుటలకు దారి చూపుతుంది. ఇట్లు మూడు అంతస్తులు దిగేసరికి 300ను 300తోను, తిరిగి 300తోను గుణించగా వచ్చిన 2 కోట్ల 70 లక్షల పద్దులలో కావలసినది దొరుకుతుంది. సూచిక లేనిచో కోట్ల పద్దులను ఒక్కొక్కటిగా చూడవలసినదే.

అయితే బి-వృక్షానికి ఒక నియమం ఉన్నది. ఏ రెండు పద్దులు తీసుకొన్నా ఏది ముందు, ఏది వెనుక అని తేల్చి చెప్పగలగాలి. అంకెలకు, పేర్లకు ఇది సాధ్యమే. కాని ఒక పటంమీద కోదాడ ముందా, మిర్యాలగూడ ముందా? ఉత్తర దక్షిణాలు ఒక వరుస చెప్పును, తూర్పు పడమరలు మరొక వరుస చెప్పును. "ఈ చెరువుకు రెండు మైళ్లలోపు గల గ్రామాలేవి?" అన్న ప్రశ్నకు ఏ ఒక్క వరుసా సరిపోదు. ఇట్టి ప్రశ్నల కొరకు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆంటొనిన్ గుట్‌మన్ 1984లో ఆర్-వృక్షాన్ని ప్రతిపాదించారు. అందులో దగ్గర దగ్గర స్థలాలను ఒక దీర్ఘచతురస్రంలోను, అట్టి చతురస్రాలను మరింత పెద్ద చతురస్రంలోను చేర్చుతూ పోతారు.

రెండు కోరికలు

డేటాబేసులలో సమాచారాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన కాడ్ ప్రతిపాదించారు. దానిని ఆచరణలో పెట్టిన తొలి ప్రయత్నాలలో ఒకటి బర్క్‌లీలో 1973లో ఆరంభమైన ఇంగ్రెస్. దాని నిర్మాతలలో ఒకరైన మైకేల్ స్టోన్‌బ్రేకర్, లారెన్స్ రోతో కలసి 1986లో కొత్త డేటాబేసుకు ప్రణాళిక వ్రాశారు. ఇంగ్రెస్ తరువాత వచ్చినది గనుక దానికి పోస్ట్‌గ్రెస్ అని పేరు పెట్టారు.

ఆ ప్రణాళికలోని లక్ష్యాలలో రెండు మన కథకు ముఖ్యం. ఒకటి: వాడుకరులే కొత్త రకాల సమాచారాన్ని, వాటికి తగిన కొత్త వెదకు పద్ధతులను చేర్చుకొనే వీలుండాలి. రెండు: యంత్రం హఠాత్తుగా ఆగిపోయినపుడు సమాచారాన్ని తిరిగి సరిచేసే ప్రోగ్రాము సులభంగా ఉండాలి. విడివిడిగా చూస్తే రెండూ మంచి కోరికలే. కాని ఈ రెండూ ఒకదానితో ఒకటి పెనుగులాడగలవని ముందుముందు తెలిసివచ్చినది.

రెండవ కోరికను స్టోన్‌బ్రేకర్ చిత్రమైన ఉపాయంతో తీర్చజూశారు. ఆయన 1987లో వివరించిన పద్ధతిలో పాత పద్దును ఎన్నడూ చెరిపివేయరు. మార్పు వచ్చినపుడు కొత్త పద్దును వేరుగా వ్రాస్తారు. ప్రతి వ్యవహారమూ పూర్తి అయినదా లేదా అన్న గుర్తు మాత్రం ఒకచోట ఉంటుంది. కరెంటు పోయి మరల వచ్చినపుడు ఆ గుర్తు చూస్తే చాలును. పూర్తికాని వ్యవహారం వ్రాసిన పద్దును లెక్కలోకి తీసుకొనరు. పాత పద్దు చెక్కుచెదరక అక్కడనే ఉన్నది కదా!

దీనికి మూల్యం లేకపోలేదు. ప్రతి వ్యవహారం ముగిసినపుడు అది ముట్టుకొన్న పుటలన్నిటిని డిస్కులో ఎక్కడెక్కడనో వ్రాయవలసి వచ్చేది. ఇది నిదానమైన పని. అంతకన్న పెద్ద చిక్కు సూచికలలో ఉన్నది. సూచిక పుట నిండిపోయినపుడు దానిని రెండుగా చీల్చి, సగం గుర్తులను కొత్త పుటలోకి మార్చి, పై అంతస్తు పుటలో ఆ సంగతి వ్రాయాలి. అనగా మూడు పుటలు మారాలి. రెండు పుటలు వ్రాసి మూడవది వ్రాయక మునుపే యంత్రం ఆగినచో కొన్ని గుర్తులకు దారి తెగిపోతుంది.

ఇచట గమనించవలసినది ఒకటి ఉన్నది. చెడిపోయిన సూచిక అసలు సూచిక లేకపోవుటకన్న ప్రమాదకరం. సూచిక లేనిచో జవాబు ఆలస్యమగును. సూచిక చెడినచో పద్దు పదిలంగా ఉన్నా "అట్టి పద్దు లేదు" అని జవాబు వస్తుంది. పైన చెప్పిన రైతుకు ఆ జవాబు వస్తే అతని గతి ఏమి?

వర్తకుల విద్య

ఈ చిక్కుకు విరుగుడు మన పాతకాలపు వర్తకుల దుకాణాలలో ఉన్నది. వారు రెండు పుస్తకాలు పెట్టేవారు. బేరం జరిగిన వెంటనే, జరిగిన వరుసలోనే, చిట్టాలో వ్రాసేవారు. తరువాత తీరిక వేళ వాటిని ఆవర్జాలో ఎవరి ఖాతాకు వారి ఖాతాకు ఎక్కించేవారు. ఆవర్జా వ్రాస్తూ మధ్యలో లేచిపోయినా భయం లేదు. చిట్టా ఉన్నంతకాలం ఆవర్జాను తిరిగి నింపవచ్చును.

డేటాబేసులలో దీనినే ముందు వ్రాత పద్ధతి అనవచ్చును. ఏ పుటనైనా డిస్కులో మార్చక ముందే, ఆ మార్పు ఏమిటో చిట్టాలో వ్రాసి అది డిస్కుకు చేరినట్లు రూఢి చేసుకొంటారు. చిట్టా ఒకే వరుసలో పెరుగుతుంది గనుక వ్రాయుట త్వరగా జరుగుతుంది. అక్కడక్కడ ఉన్న పుటలను తరువాత నింపాదిగా వ్రాసుకొనవచ్చును. 1992లో ఏరీస్ అనే పేర ఈ పద్ధతికి సమగ్రమైన రూపం వెలువడినది. దానిని రూపొందించిన ఐ.బి.ఎం. బృందానికి ప్రధానులు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన సి. మోహన్.

ఇంతలో పోస్ట్‌గ్రెస్ జీవితం మలుపు తిరిగినది. విశ్వవిద్యాలయంలో ఆ ప్రణాళిక ముగిసిపోగా, 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే విద్యార్థులు దానికి ఎస్.క్యూ.ఎల్. భాషను నేర్పారు. 1996 నుండి దానిని ప్రపంచం నలుమూలల గల స్వచ్ఛంద కార్యకర్తలు చేపట్టి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని పేరు మార్చారు. వాడుకలో నేటికీ పాత పేరే ఉన్నది. ఆ ప్రోగ్రాము మూలరూపాన్ని ఎవరైనా చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. దీనినే ఓపెన్ సోర్సు అంటున్నాం.

సైబీరియాలోని క్రాస్నోయార్‌స్క్ నగరానికి చెందిన వదిమ్ మిఖెయెవ్ ఈ డేటాబేసులో చిట్టాను ప్రవేశపెట్టారు. 2001 ఏప్రిల్‌లో వచ్చిన 7.1వ కూర్పుతో అది అందరికీ అందినది. స్టోన్‌బ్రేకర్ పాత పద్దులను పారవేయలేదు. పాత పద్దు పక్కనే ఉన్నందువలన అసంపూర్తి వ్యవహారాలను వెనుకకు తిప్పే పని లేదు. చిట్టా సహాయంతో పూర్తయిన పనులను తిరిగి చేస్తే చాలును.

అందరికీ దక్కని రక్ష

అయితే 2001లో ఈ రక్షణ పట్టికలకు, బి-వృక్షానికి మాత్రమే దక్కినది. ఆర్-వృక్షం, గుణకార భాగహారాల వంటి లెక్కతో చోటు నిర్ణయించే హాష్ సూచిక, గిస్ట్ అనే మరొక సూచిక చిట్టాకు వెలుపలే ఉండిపోయినవి. యంత్రం ఆగిపోతే వాటిని మొదటినుండి తిరిగి కట్టుకొనవలసి వచ్చేది.

వీటిలో గిస్ట్ కథ తెలుసుకొనదగినది. బి-వృక్షానికీ ఆర్-వృక్షానికీ పోలిక ఉన్నదని, రెండింటిలోను పై పుట కింది పుటలను గూర్చి ఏదో ఒక మాట చెబుతుందని 1995లో హెలర్‌స్టీన్, నాటన్, ఫెఫర్ అనే ముగ్గురు గుర్తించారు. చెట్టు నడిచే తీరును ఒక్కసారి వ్రాసిపెట్టి, ఆ మాట ఏమిటో మాత్రం వాడుకరులను చెప్పుకొనమన్నారు. అదే గిస్ట్. దానికి ప్రాణంపోసి పెంచినవారు మాస్కోకు చెందిన ఒలెగ్ బార్తునోవ్, తియొడోర్ సిగాయెవ్. బార్తునోవ్ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రజ్ఞులు. కోట్లకొలది నక్షత్రాల పట్టికలలో వెదకవలసిన వారికి సూచిక విలువ వేరే చెప్పనక్కరలేదు.

2005లో వచ్చిన 8.1వ కూర్పులో గిస్ట్‌కు చిట్టా రక్షణ లభించినది. ఆర్-వృక్షం గిస్ట్‌లో లీనమై, 2006లో వేరుగా లేకుండా పోయినది. ఆ సంవత్సరమే సిగాయెవ్, బార్తునోవ్ కలసి జిన్ అనే సూచికను చేర్చారు. పుస్తకం చివర "ఈ మాట ఈ ఈ పుటలలో ఉన్నది" అని ఇచ్చే పదసూచిక వంటిది ఇది. హాష్ సూచిక మాత్రం 2017లో వచ్చిన 10వ కూర్పు వరకు వేచి ఉన్నది. ఆ పని నెరవేర్చినవారు భారతీయుడైన అమిత్ కపిలా.

ఇన్ని సంవత్సరాలు పట్టుటలో ఆశ్చర్యం లేదు. ప్రతి సూచికకు చిట్టా వ్రాసే ప్రోగ్రామును, చిట్టాను చదివి పుటలను సరిచేసే ప్రోగ్రామును వేర్వేరుగా తయారుచేయాలి. రెండవదానిలో తప్పు దొర్లితే ఆ సంగతి బయటపడేది ఆపద వచ్చిన రోజుననే.

బయటివారి ప్రోగ్రామును నమ్మవచ్చునా?

ఇక 1986 నాటి మొదటి కోరిక మిగిలినది. కొత్త సమాచార రకాలను బయటనుండి చేర్చుట ఎంతో కాలంగా సాధ్యమే. పూర్తిగా కొత్త తరహా సూచికను తయారుచేసినవారికి మాత్రం చిట్టాలో చోటు లేదు. చిట్టా భాష తెలిసిన అధికారుల జాబితా డేటాబేసు లోపలనే స్థిరపడి ఉన్నది. చిట్టాలో లేని సూచిక ఆపదలో నిలువదు. పైగా 2010 నుండి ఈ డేటాబేసు తన చిట్టాను మరొక యంత్రానికి పంపుతూ అక్కడ సజీవమైన నకలును నడిపిస్తున్నది. చిట్టాకు ఎక్కని మార్పు ఆ నకలుకు చేరదు.

మరి బయటివారి ప్రోగ్రామును పిలిచి "నీ సూచికను నీవే సరిచేసుకొనుము" అనరాదా? అక్కడ రెండు అడ్డంకులున్నవి. ఏయే బయటి ప్రోగ్రాములు చేరినవో తెలిపే జాబితా కూడ డేటాబేసులోని పట్టికలలోనే ఉన్నది. ఆపద తరువాత ఆ పట్టికలే ఇంకా సరికాలేదు. బీరువా తాళంచెవి బీరువాలోనే ఉండిపోయినట్లు! రెండవ అడ్డంకి ఇంకను గట్టిది. ఆ ప్రోగ్రాములో ఒక చిన్న తప్పున్నా పునరుద్ధరణ అంతా మధ్యలో ఆగిపోతుంది. ఒక్క సూచిక కొరకు డేటాబేసు మొత్తం తెరుచుకొనకుండా పోతుంది.

ఈ ముడిని విప్పుటకు రష్యాకు చెందిన అలెగ్జాండర్ కొరొట్కోవ్ 2014 నుండి కృషి చేశారు. పెత్ర్ యెలీనెక్, మార్కుస్ నుల్‌మయర్ దానిలో పాలుపంచుకొన్నారు. వారు కనుగొన్న ఉపాయం ఎంతో సరళమైనది. బయటి ప్రోగ్రాము చేసిన పనికి అర్థమేమిటో చిట్టాలో వ్రాయనక్కరలేదు. పుటలో ఏ అక్షరాలు మారినవో వ్రాస్తే చాలును!

పని ఇట్లు జరుగుతుంది. పోస్ట్‌గ్రెస్ పుటలో సాధారణంగా 8,192 బైట్లుంటవి. సూచికను మార్చదలచిన ప్రోగ్రాము అసలు పుటను ముట్టుకొనదు. డేటాబేసు దానికి ఒక నకలు ఇస్తుంది. ప్రోగ్రాము ఆ నకలు మీద తన మార్పులు చేసి, పని ముగిసినదని చెబుతుంది. అప్పుడు డేటాబేసే పాత పుటను, నకలును పోల్చి చూస్తుంది. "ఫలానా చోటునుండి ఇన్ని బైట్లు ఇట్లు మారినవి" అని చిట్టాలో వ్రాసి, మార్పును అసలు పుటకు ఎక్కిస్తుంది. ఒక పద్దులో నాలుగు పుటల వరకు కలిపి వ్రాయవచ్చును గనుక పుట చీలిక వంటి పని సగంలో తెగదు. వ్రాస్తే అంతా వ్రాసినట్లు, లేకున్న ఏమీ లేనట్లు.

ఆపద తరువాత చిట్టా చదివే ప్రోగ్రాము ఆ బైట్లను ఆ చోట్లలో తిరిగి ఉంచుతుంది. ఆ సూచిక ఏ తరహాదో దానికి తెలియనవసరం లేదు. బయటివారి ప్రోగ్రామును పిలువనక్కరలేదు. సంస్కృతం రాని లేఖకుడు కూడ అక్షరం అక్షరం చూచి తాళపత్రానికి నకలు తీయగలడు కదా! ఇది అట్టిదే. బయటి ప్రోగ్రాములో తప్పున్నచో దాని సూచికే చెడవచ్చును. ఆ తప్పు పునరుద్ధరణను మాత్రం ఆపజాలదు.

9.6వ కూర్పులో ఈ చిట్టాతో పాటు, కొత్త తరహా సూచికను ఒక్క ఆజ్ఞతో నమోదుచేసే ఏర్పాటు కూడ వచ్చినది. ఉదాహరణగా సిగాయెవ్, కొరొట్కోవ్ తయారుచేసిన బ్లూమ్ సూచికను జతపరచారు. బర్టన్ బ్లూమ్ 1970లో ప్రచురించిన ఉపాయం మీద ఇది ఆధారపడినది. ప్రతి పద్దుకు ఒక చిన్న ముద్ర వేసి, ముద్ర సరిపోలని పద్దులను చూడకుండనే తోసివేస్తుంది. సరిపోలినవాటిని మాత్రం తెరచి చూస్తుంది.

లాభనష్టాలు

ఈ ఉపాయానికీ ఖర్చు ఉన్నది. ప్రతిసారి నకలు తీయుటకు, పోల్చుటకు కాలం పడుతుంది. పుట మొదట్లో ఒక గుర్తును చొప్పించినచో వెనుకవన్నీ జరుగుతవి. అర్థం తెలిసిన చిట్టా "ఇచట ఒక గుర్తును చొప్పించుము" అని ఒక్క మాటలో చెప్పగలదు. అర్థం తెలియనిది జరిగిన బైట్లన్నిటిని వ్రాయాలి. అందువలన 2022లో వచ్చిన 15వ కూర్పులో బయటివారు తమ స్వంత చిట్టా భాషను కూడ తెచ్చుకొనే వీలు కల్పించారు. కాని అట్టి ప్రోగ్రామును డేటాబేసు ప్రారంభంలోనే ఎక్కించి ఉంచాలి. దానిలో తప్పున్నచో ఆ బాధ్యత తెచ్చుకొన్నవారిదే.

2016 నాటి సరళమైన ఉపాయానికి అసలు ఫలం అయిదారేండ్ల తరువాత కనిపించినది. నేటి కృత్రిమ మేధలో ఒక మాటను గాని బొమ్మను గాని వందలకొలది సంఖ్యల వరుసగా మార్చి, దానికి దగ్గరగా ఉన్న వరుసలను వెదకుతారు. 2021లో ఆరంభమైన పీజీవెక్టర్ అనే అనుబంధం ఇట్టి వెదుకులాటకు తగిన సూచికలను పోస్ట్‌గ్రెస్‌కు చేర్చినది. ఆపదలో వాటిని కాపాడేది పైన చెప్పిన చిట్టాయే. పునరుద్ధరణ ప్రోగ్రామును దానికొరకు ఎవరూ తిరిగి వ్రాయనవసరం లేకపోయినది.

తరగతిలో ఒక పరీక్ష

ఉపాధ్యాయులు దీనిని కంప్యూటరు లేకుండనే చూపవచ్చును. ఇద్దరు విద్యార్థులకు పుస్తకాలివ్వండి. తరగతిలోని వారు పదిమంది ఒకరికొకరు అప్పులిచ్చుకొన్నట్లు చెబుతూ ఉండాలి. మొదటి విద్యార్థి ఎవరి ఖాతా వారి పుటలో నేరుగా వ్రాయాలి. రెండవవాడు ముందు చిట్టాలో వ్రాసి, తరువాత ఖాతాలకు ఎక్కించాలి. ఎవరూ అనుకొనని క్షణంలో "దీపం ఆరినది!" అనండి. ఇద్దరూ కలం దించివేయాలి. రాముని ఖాతాలో పది రూపాయలు తగ్గి, సోముని ఖాతాలో పెరుగని తప్పు మొదటి పుస్తకంలో కనిపించవచ్చును. దానిని దిద్దుటకు అందులో ఆధారం ఉండదు. రెండవ పుస్తకాన్ని మాత్రం మూడవ విద్యార్థి ఎవరైనా, ఆ అప్పులను గూర్చి ఏమీ ఎరుగకున్నా, చిట్టా చూచి సరిచేయగలడు.

ఆ మూడవ విద్యార్థికి ఏమీ తెలియనవసరం లేకపోవుటే ఇందులోని బలం. కొత్తవారికి తలుపు తెరచుట ఒక కోరిక, ఉన్నదానిని కాపాడుకొనుట మరొక కోరిక. ముప్పదియేండ్లు ఈ రెండూ పెనుగులాడినవి. తలుపు మూసి కాపాడుట సులభమే, కాపలా లేకుండ తెరచుటా సులభమే. బర్క్‌లీలో పుట్టి, సైబీరియాలోను మాస్కోలోను పెరిగి, మన దేశపు చేతులు కూడ సాయపడిన ఈ డేటాబేసు రెండూ ఒకేసారి చేయగలిగినది. చిలుకూరు రైతు తన పేర ఉన్న పద్దును అడిగిననాడు, మధ్యలో ఎన్నిసార్లు కరెంటు పోయినా, "ఉన్నది" అన్న జవాబు రావలెనన్నదే ఇంత శ్రమకూ పరమార్థం.